తెలిసినోళ్ల జాబితా

తిరుపతికి సింధుజ మీద మొదటి రోజే మండింది. తను మూడు నెలలు కూర్చుని రాసిన కోడ్‌ను ఆమె మూడు నిమిషాలు చూసి తప్పుపట్టింది మరి.

ఐటీ జోరు మొయినాబాద్ దాకా పాకిన రోజులవి. శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో జన్యువును డిజైన్ చేసుకుని, దాన్ని తయారుచేసే ల్యాబ్‌కు ఆర్డర్ పంపే సాఫ్ట్‌వేర్ వాళ్ల కంపెనీది. పంపేముందు ఆ జన్యువు ఏ ప్రాణాంతక క్రిమిదీ కాదని సరిచూడాలి. దానికి నలభై సెకన్లు పడుతుంది. తిరుపతిది ఆ పక్కనే ఉన్న సురంగల్ అనే ఊరు. తెలిసినవాళ్లు ఇంటికొస్తే ఎందుకొచ్చారని అడగడం అక్కడ మర్యాద కాదు. అందుకని పాత కస్టమర్లను ఒక జాబితాలో పెట్టి, వాళ్లకు ఆ పరీక్షే లేకుండా చేశాడు. పనిచేస్తుందో లేదో చూడ్డానికి జాబితాలో మొదట తన పేరే పెట్టుకున్నాడు.

"తెలిసినోళ్లను గూడ తనిఖీ చేస్తే ఇజ్జత్ తీసినట్టుండదా?" అన్నాడు.

"తెలిసినోళ్ల పాస్‌వర్డ్ తెల్వనోళ్లకు దొరికితే?" అంది సింధుజ. సేఫ్టీ చూడటమే ఆమె ఉద్యోగం.

ఆమె మొండిదని తిరుపతి ఆఫీసంతా చెప్పుకున్నాడు. సాయంత్రం కాగానే ఆ మొండిదాని పక్కనే స్టాపులో నిలబడి, చేవెళ్ల బస్సు వచ్చేదాకా వాదించేవాడు. బస్సు ఆలస్యమైతే లోలోపల సంతోషించేవాడు. వానొస్తే ఒకే గొడుగు కింద వాదన. ఎవరూ నెగ్గలేదు, ఇద్దరూ తడిశారు.

సంగతి కనిపెట్టిన అతని తల్లి ముత్తమ్మ, చేవెళ్లలో కూరగాయల వ్యాపారం చేసే సింధుజ తండ్రి శంకరయ్యతో మాట కదిపింది. ఉద్యోగం పర్మనెంట్ అయితే పిల్లనిస్తానన్నాడాయన. శుక్రవారం సాఫ్ట్‌వేర్ రిలీజైతే తిరుపతి పర్మనెంటే.

గురువారం అతనికో మెయిల్ వచ్చింది, మీ ఆర్డర్ అందిందని. అతను ఏ ఆర్డరూ పంపలేదు. టెస్ట్ సర్వర్‌లో అతని పేరుతో లాగిన్ అయి, నిషేధించిన క్రిమి జన్యువును సింధుజ పంపింది. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనలేదు. పాస్‌వర్డ్ అతని బండి నంబరే, పార్కింగ్‌లో అందరికీ కనిపించేదే.

"రేపు మీటింగ్‌ల నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అని అడిగిందామె. సంబంధం సంగతి ఆమెకూ తెలుసు. అడిగేటప్పుడు అతని మొహం చూడలేకపోయింది.

నోరు విప్పితే పర్మనెంట్ పోతుంది, దానితో పిల్లా పోతుంది. అయినా శుక్రవారం తిరుపతి లేచి, తప్పు తనదేనని, రిలీజ్ ఆపాలని చెప్పాడు. మేనేజర్ ధనరాజ్ అతని నిజాయితీని తెగ మెచ్చుకుని, పర్మనెంట్‌ను ఆరు నెలలు వాయిదా వేశాడు.

ఆదివారం శంకరయ్య ఈ సంబంధం వద్దన్నాడు. తన పనిలో తానే తప్పు బయటపెట్టుకునే పిలగాడు రేపు సంసారమేం చేస్తాడని ఆయన అనుమానం.

"ఆరు నెలలు పోతయని తెలిసే చెప్పిండు బాపు," అంది సింధుజ. "దాచిపెడితే నేనే వద్దంటుంటి. ఆయనంటే నాకు ఇష్టం."

శంకరయ్య ఫోన్ అందుకుని ముత్తమ్మకు కలిపాడు. ఎత్తింది తిరుపతి. శంకరయ్య గొంతు పోల్చుకోగానే భయంతో నమస్తే కూడా సగమే పలికాడు.

"ఫోన్ మీ అవ్వకియ్యి, అల్లుడా," అన్నాడు శంకరయ్య.