పొయ్యిల లెక్క

"జామకాయలు తియ్యగున్నయా?"

"ఉప్పూకారం మీదనే నడుస్తున్నయ్ సార్."

యూనివర్సిటీ గేటు దగ్గర తోపుడుబండి వెనుక నిలబడ్డ ఎంకన్న కోడ్ సరిగ్గానే చెప్పాడు. నాలుగు కాయలు కాగితం సంచిలో వేసి భూపాల్ చేతికిచ్చాడు. సంచి అడుగున శనగగింజంత ఇయర్‌పీస్ ఉంది. ఎంకన్న నిఘా బ్యూరోలో పదహారేళ్ల సర్వీసున్న ఇన్‌స్పెక్టర్. మారువేషం ఎంతగా ఒంటబట్టిందంటే, ఈ మధ్య సొంత డీఎస్పీతో కూడా బేరమాడుతున్నాడట.

అది పెట్టుకోగానే భూపాల్ చెవిలో బ్యూరో చీఫ్ రాజలింగం గొంతు పలికింది.

"పదకొండుకు మీ సెంటర్ రిపోర్టు ఆర్థికశాఖకు పోతది. దాంట్ల ఎవరో చెయ్యి పెట్టిన్రు. విదేశీ ముఠా పని. తప్పుడు లెక్క నమ్మి సర్కారు పింఛన్లు కోస్తే, జనం రోడ్డెక్కాలె. గదీ వాళ్ల ప్లాన్."

"రిపోర్టు ఆపుదామా సార్?"

"ఆపొద్దు. వాళ్ల మనిషి తార్నాక మెట్రో స్టేషన్ల కూసున్నడు. రిపోర్టు పోయిందని తెలిసినంకనే పైవాడికి ఫోన్ చేస్తడు. ఆ ఫోనే మనకు కావాలె. రిపోర్టు టైముకు పోవాలె, కరెక్టుగ పోవాలె. చెయ్యి పెట్టింది ఎవరో నువ్వు తేల్చాలె."

అప్పటికి తొమ్మిదిన్నర.

భూపాల్ రెండేళ్లుగా యూనివర్సిటీలోని ఆ ఆర్థిక పరిశోధన సెంటర్‌లో ఆర్థికవేత్త వేషంలో ఉన్నాడు. వేషం కోసం నేర్చుకున్న విద్య అన్నం పెట్టే విద్యకన్నా ఇష్టమైపోయింది. సర్వేలో దొరికిన కుటుంబాలన్నీ అతని కంప్యూటర్‌లో ఉంటాయి. పన్ను పెంచినా, పింఛను రూలు మార్చినా ఎవరింటికి ఎంత వస్తుందో, ఎవరింట్లోంచి ఎంత పోతుందో అమలు కాకముందే ఆ మోడల్ చెప్పేస్తుంది. సర్కారు దాన్ని చూసే సంతకం పెడుతుంది. అలాంటిచోట బాంబు అక్కర్లేదు, ఒక లైను మారిస్తే చాలు.

అదే సెంటర్లో అతనికి తోడు పూర్ణిమ. నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. ఆమె కారిడార్‌లో నడిస్తే ప్రొఫెసర్లు సగం చెప్పిన పాఠం మరిచిపోయేవారు. బ్యూరో ఆజ్ఞ మీదే ముఠాలో చేరి, అక్కడి కబుర్లు ఇక్కడికి మోసే డబుల్ ఏజెంట్. తార్నాకలో రెండు గదుల పోర్షన్‌లో ఇద్దరూ మొగుడూపెళ్లాల పేరుతో కాపురముంటున్నారు. కాపురం ఉత్తుత్తిదే. భూపాల్ ప్రేమ మాత్రం ఉత్తుత్తిది కాదు. ఆ సంగతి ఆమెకు ఏనాడూ చెప్పలేదు.

అతను మోడల్ తెరిచాడు. కొడుకుల ఇళ్లలో ఉండే వితంతువుల పింఛను ఇంటి ఆదాయాన్ని బట్టి తేల్చాలన్నది ప్రతిపాదన. నష్టపోయేవారి గడిలో సున్నా ఉంది.

ఏ మార్పు తెచ్చినా ఎక్కడో ఒకరు ఏడుస్తారు. సున్నా అనేది ఈ లోకంలో లేదు. ఇది ఆ వృత్తిలో మొదటిరోజు నేర్పే పాఠం.

వేసవిలో సర్వేకని అంబర్‌పేట్ వెళ్లిన రోజు గుర్తొచ్చింది. కొడుకుది రెండంతస్తుల ఇల్లు. వెనకాల రేకుల కింద అతని తల్లి, వితంతువు కాశమ్మ ఒక్కతే గంజి కాచుకుంటోంది. "ఇల్లు వాంది బిడ్డా. పొయ్యి నాది," అంది. సర్వే రూలు కూడా అదే. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లే ఒక కుటుంబం. కాశమ్మది వేరే కుటుంబం, అందుకే ఆమెకు పింఛను.

అతను ఒక్కొక్క లైనే వెతికాడు. పదీ నలభైకి దొరికింది. పొయ్యి నంబరు ఉండాల్సిన చోట ఇంటి నంబరు ఉంది. కాశమ్మలందరూ కొడుకుల కుటుంబాల్లో కలిసిపోయారు. పాత రూలు లెక్కలోనూ వాళ్లకు పింఛను లేనట్టే తేలింది. లేనిది పోయేదెలా? పక్కన మార్చినవారి పేరు ఉంది. పూర్ణిమ.

"దొరికిందా?"

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లద్దాలు లేవు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎందుకు చేసినవ్ పూర్ణిమా?"

"నీ ఫొటో, అసలు పేరు వాళ్లకు దొరికినయ్. మార్చకపోతే నిన్ను బతకనియ్యమన్నరు."

"నాకొక్క మాట చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె? నా ఫోన్ వింటున్నరు. ఇంట్ల మైకు పెట్టిన్రు. ఓ రెండు వేలమందికి నష్టమని చూపించమన్నరు. గట్ల చూపిస్తే నువ్వు సుత నమ్మేటోనివి. అందుకే సున్నా పెట్టిన. సున్నా చూస్తే నువ్వు ఊకోవని నాకెరుక."

మాట్లాడే టైము లేదు. అతను లైను సరిచేశాడు. మోడల్ మళ్లీ నడవాలంటే పన్నెండు నిమిషాలు పడుతుంది. పదీ నలభై ఏడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. రెండేళ్ల కాపురంలో అదే మొదటిసారి.

పది గంటల యాభై తొమ్మిది నిమిషాలకు తెర మీద అంకె పడింది. నష్టపోయేవారు నలభై ఒక్క వేలమంది. అంతమంది ఏడుపు చూసి ఊపిరి పీల్చుకున్నవాడు ఆ పూట అతనొక్కడే. రిపోర్టు వెళ్లింది. తార్నాక స్టేషన్లో వాడు ఫోన్ తీశాడు. రెండో మాట పూర్తికాకుండానే బ్యూరో వాళ్లు రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఆ ఫోన్ తీగ లాగితే ముఠా మొత్తం కదిలింది. ఆర్థికశాఖ ప్రతిపాదన పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత రాజలింగం బ్యూరో జీపులో పూర్ణిమ కోసం వచ్చాడు.

"ఆమె నన్ను కాపాడింది సార్," అన్నాడు భూపాల్.

"కంప్యూటర్ల ఆమె పేరున్నది. కాపాడిందని ఎవరు చెప్పాలె?" అన్నాడు రాజలింగం.

"నేను చెప్త."

"నువ్వు మొగునివి. ఉత్తుత్తి మొగునివే అనుకో, నీ మాట ఎవడు నమ్ముతడు?" చీఫ్ మొహం తిప్పుకున్నాడు. ఆయనకూ బాధగానే ఉంది. రూలు బాధపడదు.

జీపెక్కుతూ ఆమె వెనక్కి చూసి, "కుక్కర్ల పప్పున్నది. వేడి చేసుకొని తిను," అంది.

సాయంత్రం అతను ఆ పప్పు ముందు కూర్చుని ఏడ్చాడు. గట్టిగానే ఏడ్చాడు. ఇంటి ఓనరు ప్రమీలమ్మ తలుపు తోసుకుని వచ్చింది.

"ఏమైంది బిడ్డా? పూర్ణిమేది?"

కేసు ముగిసేదాకా మారువేషం వదలకూడదు. భూపాల్ కళ్లు తుడుచుకున్నాడు.

"పుట్టింటికి పోయిందమ్మా."

"కొట్లాడుకున్నరా? ఆలుమగలన్నంక అయితనే ఉంటయ్. పోయి తోలుకొచ్చుకో."

"తోలుకొస్తనమ్మా."

ఉద్యోగం కోసం ఆ ఇంట్లో అతను చెప్పిన అబద్ధాలకు లెక్కలేదు. నిజమైతే బాగుండునని కోరుకున్నది ఇదొక్కటే.