తలుపు ఎంతసేపు తెరిచుండాలి

సైరన్ మోగితే లోతుపేటలో జనం తలుపుల వైపు పరిగెత్తేది ప్రాణభయంతో కాదు, వంజరం చేప ముక్కల కోసం.

భీమిలి తీరానికి దూరంగా, సముద్రం అడుగున కట్టిన ఊరది. గాజూ ఉక్కూ కలిపి పోసిన పెంకు కింద నాలుగు వరుసల ఇళ్లు, మధ్యలో ఒక వీధి. పెంకు ఎక్కడ చిట్లినా నీళ్లు ముందు వీధిలోకే వస్తాయి కాబట్టి ప్రతి ఇంటికీ ఉక్కు తలుపు. నెలకోసారి డ్రిల్లు. ఆ డ్రిల్లుని ఎవరూ పట్టించుకోవడం లేదని వెనకటి పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. ఏ వరుస తలుపులు ముందు మూసుకుంటే, ఆ రోజు వేటలో మొదటి పంపకం ఆ వరుసదే. ఇంకేముంది, డ్రిల్లు తిరనాళ్లలా అయిపోయింది. వీధిలో సొంతమనిషే నడిచొస్తున్నా, "డ్రిల్లే కదా, ఏటవుద్ది" అంటూ లోపలివాళ్లు తలుపు మూసే మీట నొక్కేసేవారు. బయట మిగిలినవాళ్లు తలుపు బాది, నాలుగు తిట్లు తిట్టి, సాయంత్రం ఆ వంజరం పులుసులోనే వేళ్లు ముంచేవారు.

నిజం సైరన్ ఒక్కసారే మోగింది. ఆ రోజు పైడమ్మ పోయింది.

లోతుపేటలో ప్రతి ఇల్లూ ఒక అమరిక ఫైలు చెప్పినట్టు నడుచుకుంటుంది. వేడి ఎంత, దీపాలు ఎప్పుడు, లోపలికి ఎవరిని రానివ్వాలి, అన్నీ ఇంటివాళ్లే అందులో రాసిపెట్టుకుంటారు. డ్రిల్లులో మీట మనుషులు నొక్కుతారు, నిజం సైరన్‌కి మాత్రం తలుపు మూసేది ఆ ఫైలే. తిప్పలేమిటంటే, యంత్రానికి ఒక్కో గడిలో ఒక్కో రకం సమాచారం కావాలి. ఒకచోట అంకె, ఒకచోట అవునో కాదో, ఇంకోచోట పేర్ల జాబితా. మనుషులు మాత్రం అన్ని గడుల్లోనూ మాటలే రాస్తారు. "సైరన్ మోగాక తలుపు ఎన్ని సెకన్లు తెరిచుండాలి" అన్న గడిలో పైడమ్మ కొడుకు "మా అమ్మ వచ్చేదాకా" అని రాశాడు. ఫైలు చదివే ప్రోగ్రాం అందులో అంకె కోసం వెతికింది, దొరకలేదు, సున్నా అనుకుంది. పైడమ్మ గుమ్మం ముందుకి వచ్చేసరికి తలుపు మూసి ఉంది.

ఆ తర్వాత ఊరి ప్రోగ్రాంలు రాసే మైలపల్లి తనూజ రెండేళ్లు కూర్చుని విడమరిని తయారుచేసింది. విడమరి ఒక పార్సర్. మనిషి రాసింది చదివి, యంత్రానికి కావలసిన రకంలోకి మార్చి ఇస్తుంది. అర్థం కాలేదని చేతులెత్తేయడం దానికి తెలియదు. "వేడి: కొంచెం" అని రాస్తే, ఆ ఇంట్లో కొంచెమంటే ఎంతో పాత వాడకం చూసి డిగ్రీలు తేలుస్తుంది. "వీధికుక్కని రానివ్వాలా: పాపం" అంటే అవును అని తీసుకుంటుంది. "రాదగినవాళ్లు: మావాళ్లందరూ, బాబ్జీ తప్ప" అంటే బాబ్జీ లేని జాబితా తయారు. మాట ఒక్కటే చాలకపోతే ఆ మనిషి ఇంతకుముందు ఏం చేశాడో చూస్తుంది.

దాన్ని ఊరంతా అమర్చిన రోజు పొద్దున, ప్రతి ఇంటి గోడమీదా రాసుకున్న మాట, దాని పక్కన విడమరి తేల్చిన విలువ వెలిగాయి. అలా చూపించాలన్నది తనూజ పెట్టిన నియమమే. తప్పుంటే ఎవరిది వాళ్లు దిద్దుకుంటారు కదా అనుకుంది పాపం.

మధ్యాహ్నానికి ఊరిపెద్ద చోడిపల్లి దానయ్య ఆమె ఆఫీసుకి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా మనవలందరూ లోనికొచ్చేదాకా అని రాసేనమ్మా నాను. నీ మిషను ఏడు అంటంది."

"ఏడు సెకన్లు మావయ్యా. డ్రిల్లుల్లో నువ్వు మీట ఎప్పుడు నొక్కేవో చూసి చెప్తంది."

"డ్రిల్లులో నొక్కింది చేపకోసమే."

"దానికి చేప తెలీదు. మీటే తెలుసు."

దానయ్య గడ్డం గోక్కున్నాడు. "ఊరంతా ఇదే గోల. మొగుడొచ్చేదాకా అని రాసిన సూరమ్మకి అయిదంట. మొగుడు అన్నం మానేసి కూకున్నాడు."

"అంకె నచ్చకపోతే మాట తీసేసి సొంత అంకె రాసుకోవచ్చు మావయ్యా. అరవై రాయి. విడమరి ఏమీ అనదు, అరవై సెకన్లూ తలుపు తెరిచే ఉంటాది."

"అరవై రాస్తే, అరవయ్యొకటికి తలుపేసేస్తానని నా చేత్తో నానే రాసినట్టు కదేటి" అన్నాడు దానయ్య. "ఆ గోడమీద మనవలు సూత్తారు. అది కాదమ్మా. అంకె కనబడకుండా చెయ్యి. మాట ఉండనీ."

"కనబడకపోయినా లోపల ఏడే పనిచేస్తాది."

"చెయ్యనీ."

తనూజ ఫైలులో ఇంకో గడి కలిపింది. అంకె కనబడాలా, అవునా కాదా. సాయంత్రానికి నాలుగు వరుసల్లోనూ ఒక్కో ఇల్లూ కాదు అనేసింది. మిగిలింది ఆమె ఇల్లే.

ఆమె ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు వేణి అప్పుడే పనినుంచి వచ్చి, తడి జుట్టుతో గోడముందు నిలబడి ఉంది. వేణిది పెంకుకి బయటివైపు పట్టిన నత్తగుల్లలు గీకే పని. వీధి చివర ద్వారంలోంచి రావాలి. ఒంటిమీద ఆ బరువు సూటుతో ఎంత పరిగెత్తినా ఇల్లు చేరడానికి నలభై సెకన్లు పడుతుంది.

గోడమీద ఇలా ఉంది. మా వేణి వచ్చేదాకా. పదకొండు.

"పదకొండా" అంది వేణి. "నాను ఆరనుకున్నానక్కా. బానే ఉంది."

"అవన్నీ డ్రిల్లులే కదే."

"అవును, డ్రిల్లులే. ప్రతిసారీ తలుపవతల నిలబడింది మాత్రం నానే." నవ్వుతూనే అంది. "పోనీలే, మూడు వంజరాలు తెచ్చేవు."

తనూజ నవ్వలేకపోయింది. "అంకె మార్చేస్తాను. ఇప్పుడే."

"మార్చు. నలభై కొట్టు. కాలు జారినా జారొచ్చు, నలభై అయిదు కొట్టు."

తనూజ మీటలపలక ముందు కూర్చుంది. ముందు నాలుగు నొక్కింది. నలభై అయిదు సెకన్లు తలుపు తెరిచి ఉంటే ఇంట్లో నీళ్లెంత ఎత్తుకి వస్తాయో ఈ ఊళ్లో అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. ఆ లెక్క కట్టింది ఆమే. నడుం దాటుతాయి. ఆమె చూపు తనకి తెలియకుండానే గదిమూలకి వెళ్లింది. అక్కడ కిందకి వేలాడే ఉయ్యాలలో, ఇంకా మాటలు రాని ఆమె కొడుకు బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు.

ఆ చూపు వేణి కూడా చూసింది. వాడికి రోజూ స్నానం చేయించేది వేణే.

పోనీ నలభైకి ఎంత ఎత్తు అని ఎవరూ అడగలేదు. ఉయ్యాల పైకి కడదామని కూడా ఎవరికీ తోచలేదు, లేదా తోచినా అనలేదు. తెర మీద నాలుగు ఒంటరిగా మినుకుమినుకుమంటోంది. తనూజ దాన్ని చెరిపేసింది. పాత మాట తిరిగొచ్చింది, పక్కనే పదకొండూ వచ్చింది.

"వాడు లేస్తాడు, దీపం తగ్గించక్కా" అంది వేణి.

గోడలోంచి విడమరి గొంతు తగ్గించి అడిగింది. "ఈ ఇంటికి ఒక్క గడే ఖాళీగా ఉంది. అంకె కనబడాలా? అవునా, కాదా?"

తనూజ గోడవైపు చూసింది. చెల్లెలివైపు చూడలేదు.

"రేపు చూద్దాంలే" అంది.

విడమరి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అది తయారైందే అందుకు.

"సరే" అంది. "దాచేశాను."

పదకొండు ఆరిపోయింది. గోడమీద మా వేణి వచ్చేదాకా అన్న మాట ఒక్కటే వెలుగుతోంది. వేణి దాన్ని కాసేపు చూసి, తువ్వాలు తీసుకుని తల తుడుచుకోవడం మొదలుపెట్టింది.