డీలోడ్ వారం

మనోజ్ఞకీ నాకూ పరిచయం వంద కిలోల చప్పుడుతో మొదలైంది.

మ్యూనిక్ శివార్లలోని గార్చింగ్ యూ-బాన్ మెట్రో స్టేషన్ నుంచి సైకిల్ మీద పది నిమిషాలు పోతే, పొలాల మధ్య ఒకప్పుడు ఆవుల్ని కట్టేసిన షెడ్డు ఒకటుంది. ఇప్పుడు అందులో మనుషులు బరువులు మోస్తుంటారు. స్కాట్లండ్ వాళ్ళ హైలాండ్ గేమ్స్ ఉన్నాయే, గళ్ళ లంగా లాంటి కిల్టు కట్టుకుని బండరాళ్ళు విసరడం, స్తంభమంత దుంగనెత్తి పల్టీ కొట్టించడం, ఆ ఆటలు సరదాకి ఆడే చిన్న క్లబ్బు అది. పోటీలన్నీ ఎండాకాలంలో. చలికాలం ఆఫ్-సీజన్. అప్పుడు ఎవరూ ఏదీ విసరరు. ఒళ్ళు గట్టి చేసుకోవడం ఒక్కటే పని.

అక్కడికి నేనెందుకు వెళ్ళానంటే, జూలైలో ఆఫీసువాళ్ళతో ఆ పోటీలు చూడబోయి, ప్రేక్షకులకి పెట్టిన సరదా పందెంలో రాయి విసిరి, దాన్ని నా బూటుకి అంగుళం దూరంలో పడేశాను. కోచ్ ఊవె, అరవై ఐదేళ్ళ రిటైర్డ్ వెల్డర్, వచ్చి నా భుజాలు నొక్కి చూసి, "చలికాలంలో రా" అన్నాడు. అందులో జాలి ఎంత, ఆహ్వానం ఎంత అన్నది ఇప్పటికీ తేలలేదు.

నవంబర్ మొదటి మంగళవారం సాయంత్రం షెడ్డులో అడుగుపెట్టాను. జుట్టు పైకి మెలిపెట్టి క్లిప్పు పెట్టుకున్న ఒకమ్మాయి స్క్వాట్లు ముగించి, బార్‌ని ర్యాక్ మీద పెట్టి, నీళ్ళ కోసం అటు తిరిగింది. బార్‌కి అటు రెండు, ఇటు రెండు ఇరవై కిలోల ప్లేట్లు. పాపం అలసిపోయింది, నేను తీసి పెడదామనుకున్నాను. ఎడమవైపు ఒక ప్లేటు తీశాను. రెండోది కూడా తీశాను.

ఆ ర్యాక్ ఊవె సొంతంగా వెల్డింగ్ చేసిన ఇరుకు ర్యాక్ అని నాకేం తెలుసు? బార్ కుడివైపు ఒరిగిపోయింది. ఎడమ కొస గాల్లోకి లేచి నా చెవి పక్క నుంచి వెళ్ళింది. మొత్తం ధడేలుమని కింద పడింది.

"అయ్య బాబోయ్!" అన్నాను.

"ఏయ్! దిమాక్ ఉందా నీకు?" అంది ఆ అమ్మాయి.

ముందు భయం వేసింది. తర్వాత సంతోషం వేసింది. "మీరు తెలుగాండీ?"

"సచ్చిపోతుంటివి ఇప్పుడు! తెలుగా అని అడుగుతున్నవా?"

"సాయం చేద్దామని అండీ..."

"ఒక్క దిక్కే మొత్తం తీస్తరా ఎవరన్న? అటొకటి, ఇటొకటి తియ్యాలె. ఇద్దరుంటే చెరో దిక్కు నిలబడి తియ్యాలె."

"తెలీదండీ."

"ఇంకోసారి అండీ అంటే ఆ ప్లేటు నీ కాలు మీదేస్త."

ఆమెది కరీంనగర్. నాది కాకినాడ. ఊపిరాడుతున్నంతవరకూ మా నాలిక మీంచి అండీ పోదని ఆమెకి తెలీదు.

అప్పుడే ఊవె వచ్చాడు. కిందున్న బార్‌నీ, మమ్మల్నీ చూశాడు. మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, మా తలల మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి కొలిచాడు. "ఇద్దరిదీ ఒకే ఎత్తు. ర్యాక్ మార్చే పనుండదు. ఈ చలికాలమంతా మీరిద్దరూ జోడీ" అని తేల్చేశాడు. మా పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా ఇంత తొందరగా తేల్చరు.

"నేను ఓ రెండు సెంటీమీటర్లు ఎక్కువే ఉంటానండీ" అన్నాను.

"బూట్లు విప్పి మాట్లాడు" అంది మనోజ్ఞ.

అలా మొదలైంది. మంగళ, గురు, శనివారాలు. స్క్వాట్లు, డెడ్‌లిఫ్టులు, ఇసక మూటలు. మనోజ్ఞ మూడేళ్ళుగా ఆడుతోంది. మ్యూనిక్‌లో ఐటీ ఉద్యోగం, వారాంతాల్లో బండరాళ్ళు. నేను ఖాళీ బార్‌తో వణుకుతుంటే పక్కన నిలబడి, "నడుము వంగుతుంది... మోకాళ్ళు బయటికి... అగో, మళ్ళ వంగె" అని నస పెట్టేది. నేను ఎత్తేస్తే మాత్రం ఒక్క మాట మెచ్చుకునేది కాదు. "ఊఁ" అనేది. ఆ ఊఁ కోసం నేనెంత కష్టపడ్డానో నా తొడలకి తెలుసు.

చలికి బార్ మంచుముక్కలా ఉండేది. మనోజ్ఞ వేడినీళ్ళ రబ్బరు సంచి తెచ్చి, చేతులు పట్టుకునే చోట కాసేపు చుట్టి పెట్టేది. "ముట్టుకో, ఇప్పుడు వెచ్చగుంది" అనేది. అంత బరువులెత్తే మనిషి ఇనుముని అంత మెత్తగా చూసుకోవడం నాకు వింతగా ఉండేది.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది ఆఖర్న చేసే నడక. ఒక్కో చేతిలో ముప్పైయేసి కిలోల ఇనుము పట్టుకుని, పెరట్లో మంచు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలి. ఇద్దరం పక్కపక్కనే నడిచేవాళ్ళం. మాట్లాడ్డానికి ఊపిరుండదు. ఇద్దరి చేతులూ నిండుగా ఉంటాయి. ఆమె ఊపిరి తెల్లటి పొగలా వచ్చి నా ముఖం మీదుగా వెళ్ళేది. ఆ నలభై అడుగులు తొందరగా అయిపోతాయని నేను కావాలనే మెల్లగా నడిచేవాణ్ణి.

ఇక డీలోడ్ సంగతి. ఊవె పద్ధతిలో మూడు వారాలు గట్టిగా బరువులెత్తాలి. నాలుగో వారం డీలోడ్, అంటే ఒంటికి సెలవు. ఆ వారం షెడ్డుకి ఎవరూ రాకూడదు.

"ఎందుకండీ?" అని మొదట్లో అడిగాను.

"ఒళ్ళు బలపడేది ఎత్తేటప్పుడు కాదు, రెస్ట్ తీసుకునేటప్పుడంట. ఊవె రూల్. వస్తే ఊకోడు."

నవంబర్ డీలోడ్ హాయిగా గడిచింది. బట్టలు ఉతుక్కున్నాను, ఎన్నాళ్ళుగానో దొరకని అపాయింట్‌మెంట్, ఇక్కడివాళ్ళ మాటలో టెర్మిన్, ఒకటి దొరికితే రెసిడెన్స్ కార్డు పనీ చూసుకున్నాను. డిసెంబర్ డీలోడ్‌లో ఏదో తేడా కొట్టింది. మంగళవారం సాయంత్రం ఐదు కాగానే కాళ్ళు సైకిల్ దగ్గరికి వెళ్ళాయి. ఆగలేక షెడ్డుకి పోయాను. బరువులెత్తేటప్పుడు నడుముకి కట్టే బెల్టు అక్కడ మర్చిపోయానని నాకు నేనే చెప్పుకున్నాను. షెడ్డులో ఎవరూ లేరు. మేకుకి వేలాడుతున్న రబ్బరు సంచిని ముట్టుకున్నాను. చల్లగా ఉంది. బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, నేను ఆ చలికాలమంతా మోస్తున్నది బరువులు కాదని. ఆ అమ్మాయి లేకపోతే నాకు వారంలో మూడు రోజులు లేనట్టే.

జనవరి డీలోడ్‌లోనూ బెల్టు మర్చిపోయాను.

మరి చెప్పొచ్చుగా అంటారు. చెప్తే, కాదంటే? జోడీ పోతుంది. మంగళవారం పోతుంది, గురువారం పోతుంది, శనివారం పోతుంది. మెసేజ్ టైప్ చేసేవాణ్ణి, చెరిపేసేవాణ్ణి. ఆ పని మాత్రం డీలోడ్ లేకుండా చేశాను.

ఫిబ్రవరి మొదట్లో, రెండు డెడ్‌లిఫ్టుల మధ్య చేతులకి సుద్దపొడి రాసుకుంటూ మనోజ్ఞ అంది, "బెర్లిన్‌ల ఒక స్టార్టప్‌ల ఆఫర్ వచ్చింది. ఏప్రిల్ నుంచి. సోమవారం వరకు చెప్పాలె. ఏం జెయ్యమంటవ్?"

నా గుండె జారి కాళ్ళ దగ్గర పడింది. పడినదాన్ని అక్కడే వదిలేసి, పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను.

"మంచి అవకాశమండీ. మ్యూనిక్‌లో మీటె చూస్తున్నారుగా, జీతంలో సగం ఆ అద్దెకే పోతుంది. స్టార్టప్ అంటే గ్రోత్ ఉంటుంది. మీ బ్లూ కార్డు వీసాకి కూడా ఇబ్బంది ఉండకపోవచ్చు. పీఆర్ విషయంలో..."

అయిదు నిమిషాలు మాట్లాడాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ వింది.

"ఇంకేం లేదా?"

"అక్కడా ఇలాంటి క్లబ్బు ఉంటుందండీ, కనుక్కోండి."

"కనుక్కుంట" అంది. చేతులు గట్టిగా చరిచింది. సుద్దపొడి నా కళ్ళల్లో పడింది. ఆ రోజు ఆమె ఎప్పుడూ ఎత్తనంత బరువు ఎత్తింది, అంతకు ముందుకంటే పది కిలోలు ఎక్కువ. అది బలం కాదు, కోపం అని నాకు అర్థం కాలేదు. పైగా చప్పట్లు కొట్టాను.

సోమవారం ఆమె సంతకం పెట్టేసింది.

ఆ తర్వాత నస పెట్టడం మానేసింది. నా నడుము వంగినా ఏమీ అనేది కాదు. అది నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది. ఫిబ్రవరి డీలోడ్‌లో కూడా మంగళవారం వెళ్ళి ఆ బెంచీ మీద గంట కూర్చున్నాను.

మార్చి మూడో వారం ఆ చలికాలానికి ఆఖరి డీలోడ్. అది అయిన శనివారమే ఆమె బెర్లిన్ రైలెక్కుతుంది. డీలోడ్‌కి ముందటి శనివారం బరువులెత్తడం అయ్యాక, మనోజ్ఞ అందరికీ వీడ్కోలు చెప్పింది. నా దగ్గరికొచ్చి, "మంచిగుండు. నడుము వంచకు" అంది. నేను "అలాగేనండీ" అన్నాను. ఆమె సైకిల్ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

వెనక నుంచి ఊవె పిలిచాడు. "కౌశల్, డీలోడ్ అంటే ఏమిటి?"

"విశ్రాంతి."

"మరి ప్రతి డీలోడ్ మంగళవారం ఇక్కడేం చేస్తున్నావు?"

"బెల్టు మర్చిపోయి..."

"మూడుసార్లా?"

నేను జేబులో సైకిల్ తాళం వెతుక్కున్నాను.

"మనోజ్ఞ గురువారాలు వస్తుంది" అన్నాడు ఊవె. "ఆవిడ నీళ్ళ సీసా మర్చిపోతుంది. అదీ మూడుసార్లే. అదే బెంచీ మీద కూర్చుంటుంది. నా వంటింటి కిటికీ ఈ తలుపుకి ఎదురుగా ఉంది, నలభై ఏళ్ళు వెల్డింగ్ చేసినా నా కళ్ళింకా బాగానే ఉన్నాయి. మీ ఇద్దరిలో ఒక్కరూ సరిగ్గా విశ్రాంతి తీసుకోలేదు."

ఆ రోజు నిజంగానే బెల్టు మర్చిపోయి ఇంటికెళ్ళాను.

ఆ మంగళవారం పళ్ళు బిగబట్టి ఇంట్లో కూర్చున్నాను. గురువారం కోసం. మధ్యలో బుధవారమనేది లేకపోతే బాగుండుననిపించింది. గురువారం ఆఫీసులో తలనొప్పని చెప్పి, ఐదింటికల్లా షెడ్డు దగ్గరున్నాను. వాన. రేకుల మీద ఒకటే చప్పుడు.

లోపల ఎవరూ లేరు. కానీ ర్యాక్ మీద బార్ ఉంది. అటు రెండు, ఇటు రెండు ఇరవై కిలోల ప్లేట్లతో. ఎక్కించినవాళ్ళే దించి వెళ్ళాలన్నది ఈ షెడ్డులో మొదటి రూలు. దాన్నెవరు తప్పారా అని చూస్తే, మేమెత్తిన బరువులు రాసుకునే నల్లబోర్డు మీద, నా పేరు పక్కన, సుద్దతో తెలుగు అక్షరాలు.

"ఒక్కనివే తియ్యకు. ఒక్క దిక్కు అసలే తియ్యకు. గురువారం ఆరింటికి వస్త."

గుమ్మంలో గొడుగు మూస్తూ ఊవె అన్నాడు, "మంగళవారం వచ్చింది. నువ్వు మంగళవారాలు వస్తావని నేనే చెప్పాను. గంటసేపు తలుపు వైపే చూసింది. తర్వాత బార్ ఎక్కించి, అది రాసి వెళ్ళిపోయింది. ఆ అక్షరాలు చదవడం నాకు రాదు, అందుకే చెరపలేదు. ఏం రాసింది?"

"దించడానికి ఇద్దరు కావాలట."

"నిజమే" అన్నాడు ఊవె. "వేడినీళ్ళేమైనా కావాలా?"

ఇచ్చిన నీళ్ళు సంచిలో పోసి, బార్‌కి చుట్టాను. ఆరు ఎంతకీ కాదే! ఆ గంట నేను మోసినంత బరువు ఆ చలికాలంలో ఇంకెప్పుడూ మొయ్యలేదు. వస్తుందో రాదో, వచ్చి ఏమంటుందో, ఎల్లుండి రైలెక్కాక నేను ఏం చెయ్యాలో.

ఆరయ్యాక రెండు నిమిషాలకి వచ్చింది. కోటు నిండా వాన. నేరుగా వచ్చి బార్ మీద చెయ్యి పెట్టింది.

"వెచ్చగుంది" అంది మెల్లగా. తర్వాత కోపం తెచ్చుకుంది. "మంగళవారం ఎందుకు రాలె?"

"నువ్వు గురువారం వస్తావని ఆగాను."

"నువ్వు మంగళవారం వస్తవని నేను గంట కూసుంటి!" అని, ఆగి, నా వైపు చూసింది. "నీ అండీ ఏమైంది?"

"బెర్లిన్ పంపించేశాను."

నవ్వు ఆపుకుని కుడివైపుకి వెళ్ళి నిలబడింది. నేను ఎడమవైపు. ఇద్దరం ఒకేసారి మొదటి ప్లేటు తీశాం.

"ఆ రోజు నేను వెళ్ళమని చెప్పిందంతా అబద్ధం" అన్నాను.

"మీటె గూడ అబద్ధమా?"

"మీటె నిజం. మిగతాది అబద్ధం. నువ్వంటే నాకు ఇష్టం మనోజ్ఞా. నవంబర్‌లో తెలీలేదు. డిసెంబర్ డీలోడ్‌లో తెలిసింది. అప్పట్నుంచీ బెల్టు మర్చిపోతూనే ఉన్నాను."

ఆమె రెండో ప్లేటు మీద చేతులు పెట్టి అలాగే నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాన నీళ్ళని చెప్పడానికి లేదు.

"నాకు నవంబర్‌లనే తెలుసు" అంది.

"మరి చెప్పలేదేం?"

"చెప్పిన గద! ఏం జెయ్యమంటవ్ అని అడిగితిని. పోవద్దను అని అడిగినట్టు. నువ్వేమో పీఆర్ ముచ్చట వెట్టినవ్."

నాకు నన్ను నేనే ఆ ఇసక మూట కింద పడేసుకోవాలనిపించింది.

"వెళ్ళొద్దని ఇప్పుడంటే?" అని అడిగాను.

"ఇప్పుడు పోవాలె కౌశల్. సంతకం పెట్టిన. ఆ పని గూడ నాకు ఇష్టమే. గది దొరికింది, కొత్త అడ్రస్ రిజిస్టర్ చేసే అన్‌మెల్డుంగ్‌కి టెర్మిన్ గూడ దొరికింది."

"వెళ్ళు. ఈసారి అబద్ధం కాదు."

ఆమె ముక్కు తుడుచుకుంది.

"అక్కడ క్లబ్బు కనుక్కున్న, నువ్వు చెప్పినట్టే" అంది. "కానీ ఊవె ప్లానే చేస్త. మూడు వారాలు గట్టిగ. నాలుగో వారం డీలోడ్."

"డీలోడ్‌లో షెడ్డుకి రాకూడదు" అన్నాను.

"రాకూడదు. బెర్లిన్‌కి రావొచ్చు. ఒకసారి నువ్వు రా. ఒకసారి నేనొస్త. చెరోసారి."

"అదే రోజుకి. ఒకరు మంగళవారం, ఒకరు గురువారం కాదు."

"శుక్రవారం. రాసుకో, మళ్ళ మర్చిపోతవ్."

"బెల్టు ఒక్కటే మర్చిపోతాను."

"తియ్యి ఇగ" అంది. "ఒకటి, రెండు, మూడు."

ఇద్దరం ఒకేసారి ఆఖరి ప్లేట్లు తీశాం. బార్ కదల్లేదు. చేతులు ఖాళీ అయ్యాయి. ఆ చలికాలంలో మొదటిసారి నేను ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. అరచేతి నిండా కాయలు, నా అరచేతిలో లాగే.

"నడుము నిటారుగ పెట్టు" అంది. నిటారుగా నిలబడ్డాను. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఎదురుగా వంటింటి కిటికీలో ఊవె కర్టెన్ వేసేశాడు.

శనివారం రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద చాలాసేపు నిలబడ్డాను. మంగళవారం యథాప్రకారం షెడ్డుకి వెళ్ళాను. ఊవె నాకు జోడీగా ఎవర్నీ పెట్టలేదు. ర్యాక్ కూడా మార్చలేదు. బార్‌కి వేడినీళ్ళ సంచి చుట్టి, నల్లబోర్డు మీద నా బరువు రాసి, పక్కనే వచ్చే డీలోడ్ శుక్రవారానికి ఇంకా ఎన్ని రోజులో రాశాను. ఇరవై నాలుగు.

ఫోన్ మోగింది. బెర్లిన్ నుంచి ఫోటో. ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య, గోడకి అంటించిన కాగితం మీద ఆమె కూడా అదే అంకె రాసుకుంది.