నూట ముప్పై ఒక్క మేకు ఫోటోలు

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు మేడ్చల్ చెక్‌పోస్టు పక్కనున్న జిరాక్స్ షాపు మెట్లెక్కి ఒకమ్మాయి ఏడుస్తూ పైకి వచ్చింది. పైన ‘పద్మలత డిటెక్టివ్ ఏజెన్సీ, వివరాలు రహస్యంగా ఉంచబడును’ అని బోర్డు ఉంది. ఆ బోర్డు ఎంత పెద్దదంటే, రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా చదవొచ్చు. ఇంత బోర్డు ఉంటే రహస్యంగా వచ్చేవాళ్లను ఊరంతా చూస్తుందని అసిస్టెంటు రఘునందన్ రెండేళ్ల కింద ఒకసారి చెప్పబోయాడు. మళ్లీ ఆ సాహసం చేయలేదు.

పద్మలతకు యాభై రెండేళ్లు. ఆమె దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే. పిల్లగాడికి చెప్పిన ఉద్యోగం ఉందా, చెప్పని అలవాట్లున్నాయా అని తవ్వి తవ్వి ఎవరు అబద్ధం చెప్తున్నారో ఇట్టే పసిగట్టడం నేర్చింది. రఘునందన్ ఆమె ప్రతి మాటా లాంగ్ నోట్‌బుక్కులో రాసుకుంటాడు. ఆమె తుమ్మితే టైము వేసి రాసిన పేజీ కూడా ఒకటుంది.

“కూసో బిడ్డా. ముందు నీళ్లు తాగు. పెళ్లి కేసా?” అంది పద్మలత.

“కాదు మేడం. నా ఫోటోలు పోయినయ్.”

“పిల్లగాని దగ్గరున్నయా?”

“పిల్లగాడెవ్వడు లేడు మేడం! చెరువు ఫోటోలు, పక్షుల ఫోటోలు.”

రఘునందన్ ‘పిల్లగాడు లేడు’ అని రాసి కింద గీత గీశాడు.

అమ్మాయి పేరు బిందు. ఇల్లు సూరారంలో. మందుల కంపెనీలో పొద్దున షిఫ్టులో ప్యాకింగు పని, షిఫ్టంతా నిలబడే చేయాలి; ఫోటో కోసం ఈ రెండు రోజులు సెలవు పెట్టింది. ఆర్నెల్ల నుంచి సాయంత్రాలు మేడ్చల్‌లో రవీందర్ సార్ నడిపే డిజిటల్ ఫోటోగ్రఫీ క్లాసుకు వస్తోంది. దూలపల్లిలో పెళ్లి ఫోటోల స్టూడియో నడిపే జోగారావుకు రెండో కెమెరా పట్టే మనిషి కావాలి. అడగడానికి వెళ్తే ఆయన ఒకటే షరతు పెట్టాడు. పక్షులు పెళ్లిళ్లకు రావు కాబట్టి పక్షుల ఫోటోలు వద్దన్నాడు. కెమెరా ఉందన్న సంగతి మరచి, నిజమైన సంతోషంలో ఉన్న మనిషి ఫోటో ఒక్కటి బుధవారంలోగా తెమ్మన్నాడు.

“ఆదివారం క్లాసు మొత్తం శామీర్‌పేట చెరువుకు పోయినం. రెండొందల పద్నాలుగు ఫోటోలు కొట్టిన. ఆఖరికి ఒక్కటి దొరికింది మేడం. కట్టకాడ బండి దగ్గర, పొగల, ఒక మనిషి నవ్వుతుంటె దూరం నుంచి కొట్టిన. ఎవరో సూడలె, బ్యాటరీ అయిపోయింది. నిన్న క్లాసుల కార్డు పెట్టి సూస్తె మొత్తం ఖాళీ.”

“ఇంకో ఫోటో తీస్తె గాదా?”

“రేపే బుధవారం మేడం. ఎల్లుండి కంపెనీల పర్మినెంటు కాయితం మీద సంతకం పెట్టాలె. పెడితె మూడేండ్లు కదలరాదు. ఇంట్ల అందరు పెట్టుమంటున్నరు. నా కాళ్లు ఇప్పటికే...” అని ఆగిపోయింది బిందు. కళ్లనిండా మళ్లీ నీళ్లు వచ్చాయి.

పద్మలత చెప్పులు వేసుకుంది. అంటే కేసు తీసుకున్నట్టు.

క్లాసు బస్టాండు వెనక, రెండు గదులూ ఒక చిన్న వంటగదీ. రవీందర్ సార్ తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆదివారం అందరి మెమరీ కార్డులూ పేర్లు అంటించి ఒక స్వీటు డబ్బాలో పెట్టాడట. సోమవారం సాయంత్రం ఆ డబ్బా టేబులు మీదే ఉంది, పక్కనే క్లాసు కెమెరా కూడా ఉంది. ఆరింటికి చాయ కోసం అరగంట బ్రేకు ఇచ్చి, ప్రొజెక్టరు వైరు కోసం ఆయన కిందికి వెళ్లాడు. వచ్చి చూస్తే బిందు కార్డులో ఏమీ లేదు.

“తీసేసిన ఫోటోలు మళ్ల తీయొచ్చంటరు గదా సార్?” అడిగింది పద్మలత.

“తీయొచ్చు మేడం. డిలీట్ కొడితె ఫోటో వెంటనే పోదు. దాని మీద కొత్త ఫోటో పడితెనే పోతది. పాఠమే చెప్పిన. కని సూడున్రి.”

లాప్‌టాప్ తిప్పాడు. కార్డులోంచి బయటికి లాగిన ఫోటోలు తెర మీద వరసగా ఉన్నాయి. అన్నింట్లోనూ ఒకటే ఉంది. తెల్లగోడ, గోడకు ఒక మేకు. కింద గట్టు అంచు సన్నగా కనిపిస్తోంది.

“దొంగ బిందు ఫోటోలు తీసేసి, మళ్ల రాకుండ వాటి మీద గీ మేకును కొట్టి, వీటిని గూడ తీసేసిండు. నూట ముప్పై ఒక్కటి! ఇగ సూడలేక బంద్ జేసిన.”

రఘునందన్ వంగి చూశాడు. “మేడం, మేకు మస్తుగొచ్చింది గదా?”

నిజంగానే బాగా వచ్చింది. మేకు ఫోటో నడుమ లేదు, కొలిచినట్టు ఓ పక్కకుంది. దాని నీడ వాలుగా పడింది. గట్టు అంచు ఎక్కడా ఇటు అటు ఒరగలేదు.

“సార్, నూట ముప్పై ఒకటి వచ్చినయ్. బిందు కొట్టినవి రెండొందల పద్నాలుగు. మిగతా ఎనభై మూడింటి మీద ఏం పడలే గదా? లాగుడు ఎందుకు ఆపిన్రు?”

రవీందర్ సార్ నోరు తెరిచాడు. చేతిలో పని మానేసి తల పట్టుకున్నందుకు సిగ్గుపడి, గబగబా మళ్లీ బటను నొక్కాడు. ఈలోగా రఘునందన్ వంటగదిలోంచి కేకేశాడు. మేకు దొరికింది. స్టవ్వు పక్క గోడకే ఉంది. ఇప్పుడు దానికి చాయ వడబోసే జాలి వేలాడుతోంది. పద్మలత ఆ జాలిని చాలాసేపు చూసి ఏమీ అనలేదు. రఘునందన్ ఆమె ఏమీ అనలేదని రాసుకున్నాడు.

సాయంత్రం ఐదుకు మిగతా ముగ్గురినీ పిలిపించారు. ఆ క్లాసులో బిందుతో కలిపి నలుగురే. మొదట శ్రవణ్ వచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు, మెడలో సొంత కెమెరా, మోచేయంత లెన్సు.

“జోగారావు దగ్గరికి నువ్వు గూడ పోయినవట గదా?”

“పోయిన మేడం. నా ఫోటోలు సూసి ఆయన మెడ వంచుకున్నడు. అన్ని ఏటవాలుగా ఉన్నయట. అది నా స్టైల్. సాఫ్‌గ తీస్తె ఆధార్ కార్డు ఫోటో లెక్కుంటది.”

“నిన్న బ్రేకుల ఏడున్నవ్?”

“బాల్కనీల ఫోన్ మాట్లాడుతున్న. చాయ కోసం సూసి సూసి పరేషానైన. మనోరమాంటీ చాయ ఎప్పుడు పొగలు గక్కుతది. నిన్న సల్లగుండె, మీద మీగడ గట్టింది.”

తర్వాత సిద్దిరాములు వచ్చాడు. గౌడవెల్లి మాజీ సర్పంచి. ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. ప్లాట్ల ఫోటోలు తీద్దామని భార్య మనోరమతో కలిసి క్లాసులో చేరాడు. ఇంతవరకూ తీసిన ప్రతి ప్లాటులోనూ ఆయన బొటనవేలుంది.

“బ్రేకుల కింద గిరాకీలతోని మాట్లాడుతున్న. పోయిన ఫోటోలు మళ్ల తీసే పాఠమా? ఆ దినం నేను రిజిస్ట్రేషనాఫీసుల ఉన్న మేడం.”

“ఆదివారం చెరువుకాడ ఎన్ని ఫోటోలు తీసిన్రు?”

“నా భార్య ఏడ తీయనిచ్చింది? కట్టపొంటి అన్ని చేపలు గాల్చే బండ్లేనాయె. నా మోకాళ్ల నొప్పులు తగ్గాలెనని కార్తీకం నెలంత ఇద్దరం నీసు ముట్టమని మల్లన్నకు మొక్కింది. నేను బండి దిక్కు సూస్తె గూడ మొక్కు పోతదట. కార్ల గూసోబెట్టి తాళంచెవి తీస్కవోయింది. ఇరవై దినాల సంది సోరకాయ, బీరకాయ, మళ్ల సోరకాయ.”

“పాపం, ఆమె గూడ అదే తింటున్నది గదా?”

సిద్దిరాములు కళ్లు తుడుచుకున్నాడు. “దేవత మేడం. ఆదివారం ఇంటికొచ్చి గా బీరకాయ గూడ ముట్టలె. ఆకలి లేదన్నది. నా కోసం ఉపాసమున్నది.”

చివర మనోరమ వచ్చింది. యాభై దాటిన మనిషి, నుదుట పెద్ద బొట్టు. వస్తూనే గోడ మీద ఓ పక్కకు ఒరిగిన ఫోటో ఫ్రేమును సరిచేసి కూర్చుంది.

“చాయ నేనే పెడత. సార్ పెడితె అది చాయ గాదు, రంగునీళ్లు.”

“నిన్న వంటగదిల ఇంకెవ్వరన్న వచ్చిన్రా?”

“తలుపు తీసే ఉండె. ఎవ్వరన్న రావొచ్చు,” అంది ఆమె, నేల చూస్తూ.

లాప్‌టాప్ దగ్గర నుంచి రవీందర్ సార్ సైగ చేశాడు. మిగిలిన ఎనభై మూడు ఫోటోలూ వచ్చాయి. పద్మలత, బిందు వెళ్లి ఆఖరి ఫోటో చూశారు. బిందు చేత్తో నోరు మూసుకుంది. పద్మలత లాప్‌టాప్ మూసేసి, అందరినీ పెద్దగదిలో కూర్చోమంది.

“ముందు ఒక పరీక్ష. అందరు క్లాసు కెమెరాతోని గీ టేబుల్ మీది చాయ గ్లాసును ఒక్క ఫోటో తీయున్రి,” అంది.

శ్రవణ్ తీసిన దాంట్లో గ్లాసు కింద పడబోతున్నట్టుంది. సిద్దిరాములు తీసిన దాంట్లో బొటనవేలు పూర్తిగా, గ్లాసు సగం ఉన్నాయి. మనోరమ కెమెరా అందుకుని, ఒక్క క్షణం ఆలోచించి, కావాలనే వంకరగా పట్టుకుంది. బటను మీద వేలు పెట్టింది. నొక్కలేకపోయింది. మళ్లీ వంచింది. చెయ్యి ఒప్పుకోలేదు, దానంతటదే సరి అయింది. చివరకు నొక్కేసరికి గ్లాసు ఓ పక్కన ముచ్చటగా, టేబులు అంచు తిన్నగా వచ్చాయి.

“శెభాష్ మనోరమమ్మా!” అన్నాడు రవీందర్ సార్, పాఠం చెప్పే అలవాటులో. తర్వాత ఏమన్నాడో అర్థమై నోరు మూసుకున్నాడు.

“ఇగ వినున్రి,” అంది పద్మలత. “బిందు ఫోటోల మీద కొత్తవి కొట్టాలెనని దొంగకు తెలుసు. అంటె ఆ పాఠం విన్న మనిషి. సిద్దిరాములు గారు ఆ దినం రాలె. ఇగ శ్రవణ్. ఈయనకు సీదా ఫోటో తీసుడు చాతగాదు.”

“స్టైల్ మేడం,” అన్నాడు శ్రవణ్. కానీ ఆ మాట మొదటిసారి అతనికి కలిసొచ్చింది.

“ఆ మేకుకు చాయ జాలి ఎప్పుడు వేలాడుతది. కని నూట ముప్పై ఒక్క ఫోటోలల్ల ఒక్కదాంట్ల గూడ జాలి లేదు. అంటె అప్పుడే చాయ వడబోసి, జాలిని పక్కన పెట్టిన్రు. పోసిన చాయ బయటికి రాలె. ఎందుకంటె పోసిన మనిషి మేకు ఫోటోలు కొడుతున్నది. అందుకే నిన్న చాయ సల్లగయింది. ఫోటో పాడుజేయాలని నిలబడ్డా, సార్ చెప్పిన పాఠం చెయ్యి మరవలె. ఇంత మంచి స్టూడెంటు గీ క్లాసుల ఒక్కరే ఉన్నరు.”

రఘునందన్ ఉత్సాహం ఆపుకోలేక చప్పట్లు కొట్టి, ఎవరూ కలవకపోయేసరికి చేతులు దులుపుకున్నట్టు నటించాడు.

“నా భార్యనా?” సిద్దిరాములు లేచాడు. “ఆమెకేం అవసరం మేడం? దేవతసొంటి మనిషి!”

“అది ఆమె చెప్పాలె. నేను చెప్ప,” అంది పద్మలత.

మనోరమ తల దించుకుంది. బిందు మెల్లగా ఆమె పక్కకు వచ్చి కూర్చుంది.

“ఆంటీ, ఆఖరి ఫోటో దొరికింది. నేను తీసినవాట్ల గదే మంచిగుంది. కని మీరు వద్దంటె జోగారావు సార్‌కు చూపియ్య. ఒట్టు.”

“రేపే గదా నీకు ఆఖరి దినం?”

“అవునాంటీ.”

“వేరేది ఉందా?”

“లేదు. మిగతావన్ని కొంగలే.”

మనోరమ అమ్మాయి కాళ్ల వైపు చూసింది. చీలమండలు వాచి చెప్పుల బెల్టులు ఒరుసుకుపోయి ఉన్నాయి. ఆ ఒక్క ఫోటో పోతే ఈ పిల్ల ఏం కోల్పోతుందో సోమవారం నాడు తాను ఒక్కసారి కూడా ఆలోచించలేదని ఆమెకు అప్పుడు తట్టింది. చెప్పలేనంత సిగ్గేసింది. ముక్కు చీది లేచి నిలబడింది.

“పెట్టున్రి సార్. గోడ మీద పెద్దగ పెట్టున్రి.”

ప్రొజెక్టరు వెలిగింది. గోడనిండా పొగ, పొగలో చేపల బండి, బండి ముందు మనోరమ. కొంగు నడుముకు దోపుకుని, మసాలా అంటిన చేత్తో వేయించిన చేపముక్క పట్టుకుని, కళ్లు మూసుకుని నవ్వుతోంది. లోకంలో మొక్కులూ మోకాళ్లూ ఏవీ లేనట్టు నవ్వుతోంది.

సిద్దిరాములు ఆ ఫోటో ముందు నిలబడ్డాడు. ఆమె ముందున్న ప్లేటు వైపు వంగి చూశాడు.

“ఒక్క ముక్కనే తిన్న,” అంది మనోరమ.

“ప్లేటుల నాలుగు కనవడ్తున్నయ్.”

“కండ్లు తెరిచి సూస్తె పిల్ల కెమెరా నా దిక్కే ఉంది. మొత్తం క్లాసు ముంగట, నీ ముంగట ఇజ్జత్ పోతదని భయమైంది.”

సిద్దిరాములు గొంతు సవరించుకున్నాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు, కానీ గోడ మీది నవ్వు అడ్డం వచ్చింది. “ముప్పై ఏండ్లల్ల గీ నవ్వు నేను ఒక్కసారి సూడలేదే,” అన్నాడు. అంతలోనే ముఖం వెలిగింది. “ఎట్లయితేంది, మొక్కైతె పోయింది. ఇగ నేను గూడ తినొచ్చు గదా?”

“పోయింది నా మొక్కు,” అంది మనోరమ. “నీది అట్లనే ఉంది. ఇంక పది దినాలు సోరకాయనే.”

బుధవారం పొద్దున దూలపల్లి స్టూడియోలో జోగారావు ఆ ఫోటోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

“తినేటప్పుడు మనుషుల్ని ఇలా తీసేవాళ్లు దొరక్క చస్తున్నాను. ఈవిడకి కెమెరా ఉందని తెలియదు కదా?”

“అప్పుడు తెల్వది సార్. తర్వాత తెలిసింది,” అంది బిందు.

“శనివారం ఒక పెళ్లుంది. పొద్దున్నే ఆరింటికల్లా వచ్చెయ్యి.”

గురువారం బిందు కంపెనీకి వెళ్లింది. పర్మినెంటు కాగితం చదివి, మడిచి, సూపర్‌వైజరుకు తిరిగి ఇచ్చేసింది. ఐడీ కార్డు మెడలోంచి తీసి టేబులు మీద పెట్టింది. గేటు బయటికి వచ్చి, రోడ్డు పక్కన కనిపించిన అరుగు మీద కూర్చుని, చెప్పులు విడిచి కాళ్లు బార్లా చాపుకుంది.