నాలాకు అవతల పుట్టిల్లు

కిష్టమ్మ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి నడుము ఎత్తేసరికి ఆ ముగ్గు మీదుగా ఒక ఆటో వెళ్ళిపోయింది.

"కండ్లు నెత్తికెక్కినయా? మనుషులుంటున్న ఇల్లు కాదా ఇది?" అని అరిచింది ఆమె, చేతిలో ముగ్గు డబ్బాతోనే.

"నన్నేం జెయ్యమంటవమ్మా, గిటే పొమ్మంటున్నరు," అన్నాడు ఆటోవాడు వెనక్కి తిరక్కుండానే. వాడి వెనకే ఇంకో రెండు ఆటోలు, పాలవ్యాను, స్కూటర్ల గుంపు. చంపాపేట్ వెనక ఉన్న ఆ కాలనీలో తెల్లవారడం ఇప్పుడు హారన్లతోనే.

మొన్నమొన్నటిదాకా అది పిల్లలు క్రికెట్ ఆడుకునే గల్లీ. మురుగు పారే నాలా మీది పాత వంతెన కూల్చేసి కొత్తది కట్టడం మొదలుపెట్టాక పెద్ద రోడ్డు మీద తిరగాల్సిన బండ్లన్నీ ఇటే మళ్ళాయి. నాలాకు అవతల దిల్‌సుఖ్‌నగర్ వైపు పోవాలంటే ఈ గల్లీలోంచి బయటపడి ఎల్బీ నగర్ చౌరస్తా చుట్టి రావాలి. వంతెన దగ్గర అడ్డంగా పెట్టిన రేకుల మీద "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని రాసిపెట్టారు. ఆ చింతించేవాళ్ళెవరో కాలనీలో ఒక్కరికీ ఇంతవరకు కనపడలేదు.

ఇంట్లో కిటికీ తలుపులన్నీ మూసే ఉన్నాయి. తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. ఎనిమిదో నెల కడుపుతో మంచం మీద కూర్చున్న ఉదయలక్ష్మి ఫ్యాను కిందే ఉండి చెమటలు కక్కుతోంది. గేటు దాటి అడుగు బయట పెట్టే వీలు లేదు. బండి ఎటునుంచి వచ్చి తగులుతుందోనని అత్తగారు గేటుకు తాళం కూడా వేస్తోంది.

"అత్తయ్యా, కాసేపు మేడ మీదికి వెళ్ళనా?" అని అడిగింది.

"మెట్లెందుకు బిడ్డా ఈ నెలల? కాలు జారితె? గాలి కావాలంటె విసనకర్రతోని ఊపుత, కూసో."

అత్తగారు చెడ్డ మనిషైతే ఉదయకు సులువుగా ఉండేది, ఎదురు తిరిగేది. కానీ కిష్టమ్మ అడగకముందే మజ్జిగ తెస్తుంది, కాళ్ళకు నూనె రాస్తుంది, కోడలు తినే పులుపు కూరలు తనకు పడకపోయినా అవే వండుతుంది. అంత ప్రేమతో తాళం వేస్తే తీయమని గట్టిగా అడగడం కూడా కష్టమే.

ఉదయ పుట్టిల్లు నాలాకు అవతలే. ఈ మేడ మీద నిలబడితే వాళ్ళింటి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. వంతెన ఉన్న రోజుల్లో అమ్మ కూర వండి, వేడిగా ఉండగానే గిన్నెలో పెట్టుకుని నడిచి వచ్చేసేది. ఉదయ తండ్రి జోగారావు, తల్లి కోటేశ్వరమ్మ ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కిష్టమ్మది నల్గొండ దగ్గర పల్లె. ఆమె కొడుకు శేఖర్, ఉదయ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్‌లో చదివారు. ఆ చదువుతో ఇద్దరికీ సర్కారు ఉద్యోగం రాలేదు గానీ పెళ్ళి మాత్రం అయింది. రెండువైపులా కాస్త గొణుక్కున్నా, చివరికి పెద్దలు కూర్చుని సంతోషంగానే చేశారు.

చిక్కంతా ఏడో నెలలో వచ్చింది. తొలి కాన్పుకు పిల్లను పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి, అదీ బేసి నెలలో. సరి నెలలో కదిలించకూడదు. ఈ ఒక్క విషయంలో కృష్ణా జిల్లాకూ నల్గొండకూ పేచీ లేదు. మంచి రోజు చూసుకుని జోగారావు పసుపు కుంకుమలు, పళ్ళు, మిఠాయిలు కారులో పెట్టుకుని భార్యతో బయలుదేరాడు. ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ కింద కారు ఇరుక్కుపోయింది. ఎలాగో గల్లీ మూలకు వచ్చేసరికి మంచి వేళ కాస్తా దాటిపోయి రాహుకాలం వచ్చేసింది. ఆ వేళలో శుభకార్యానికి గడప తొక్కుతామా అని ఆయన కారు వెనక్కి తిప్పించాడు.

ఇక్కడ కిష్టమ్మ బగారన్నం, బూరెలు చేసి, చుట్టుపక్కల ముత్తైదువలను పిలిచి కూర్చోబెట్టింది. ఎదురింటావిడ వచ్చి, "మీ వియ్యంకుని కారు గల్లీ మూల కాడికెల్లి మళ్ళిపోయింది గదా," అని చెప్పింది. తర్వాత జోగారావు అల్లుడికి ఫోన్ చేసి, నెలాఖరుకు వంతెన తెరుస్తారట, అప్పుడు హాయిగా వస్తాంలే అన్నాడు. నెలాఖరు వచ్చింది. వంతెన తెరవలేదు. ఎనిమిదో నెల మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా వచ్చేసింది.

అప్పటి నుంచి సాయంత్రాలు అవతలి ఒడ్డున రేకుల పక్కన ఒక తెల్లచొక్కా మనిషి చాలాసేపు నిలబడి ఉంటాడని శేఖర్ ఉదయకు రహస్యంగా చెప్పాడు. అది విన్నాక ఆమెకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కోటేశ్వరమ్మ ఫోన్ చేసింది. శేఖర్ స్పీకర్ పెట్టాడు. పెట్టకుండా ఉండాల్సింది.

"వదినగారూ, డాక్టరమ్మ ఇటుపక్కే కదా. ఉన్నట్టుండి నొప్పులొస్తే ఆ చుట్టుదారిలో ఎలా చెప్పండి? ఎవరో పంతులుగారు ఎనిమిదైనా పర్లేదన్నారు. పంపించండి, మీకు పుణ్యముంటుంది."

"ఏడుల రావల్సినోళ్లు మూల కాడికెల్లి మళ్ళిపోయిన్రు," అంది కిష్టమ్మ. "ఇప్పుడు ఎనిమిదిల యాదికొచ్చిందా వదినా? నేను కదపను. తొమ్మిది పడ్డంక సుత పంప. గుంతల తొవ్వల దాన్ని కుదిపేసుకుంట తీస్కపోతరా? ఈడనే ఏదన్న దవాఖానల కాన్పు చేయిస్త."

అవతల ఫోన్ జోగారావు లాక్కున్నట్టున్నాడు. "అదేం మాట చెల్లెమ్మా? తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని మీకు తెలీదా?"

"తెలుసన్నా. పుట్టింటోళ్లు ఇంటి దాక రావాలని మీకు తెల్వదా? పది మందిల నా మొఖం ఏడ పెట్టుకోవాలె ఆ దినం?"

"వేళ బాగాలేక తిరిగాం గానీ, మీ మీద కోపంతో కాదు కదమ్మా!"

"వేళ బాగలేదని ఒక్క ముక్క నాకు చెప్పిన్రా?"

"అమ్మా, జర ఆగరాదే," అన్నాడు శేఖర్. ఇంట్లో ఈ గొడవ మొదలైనప్పటి నుంచి అతనికి వచ్చిన మాట అదొక్కటే.

"మీరందరూ ఆపండి," అంది ఉదయ. "మీకు మంచి వేళ కావాలి నాన్నా. మీకు మర్యాద కావాలి అత్తయ్యా. శేఖర్‌కు వంతెన కావాలి, అది పూర్తయితే తను ఎవరికీ ఎదురు చెప్పాల్సిన పని లేదని. నాకేం కావాలో ఒక్కరైనా అడిగారా? నాకు భయంగా ఉంది. కాన్పంటే భయంగా ఉంది, మా అమ్మ పక్కన ఉండాలనుంది. ఈ గదిలో ఊపిరాడట్లేదు నాకు."

అనేసి లేచింది. రెండడుగులు వేసి గోడ పట్టుకుని ఆగిపోయింది. నడుములో మొదలైన నొప్పి పొట్టంతా చుట్టేసి పట్టేసింది.

"అత్తయ్యా," అని మాత్రం అనగలిగింది.

శేఖర్ ఆ ఫోన్ పెట్టేసి అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. బయలుదేరాం గానీ ఎల్బీ నగర్ దగ్గర కదలడం లేదు, టైం చెప్పలేం అన్నారు. ఆటో కోసం తల్లి దగ్గర తాళం చెవి తీసుకుని, గేటు తీసి బయటికి పరిగెత్తాడు. గల్లీలో ఒక నీళ్ళ ట్యాంకరూ, ఒక పెళ్ళి బస్సూ ఎదురెదురుగా ఇరుక్కుని ఉన్నాయి. వాటి మధ్యనుంచి స్కూటర్ కూడా దూరడం లేదు. ఎవరూ వెనక్కి తగ్గడం లేదు, అందరూ హారన్ మాత్రం కొడుతున్నారు. అతను తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఏం జెయ్యాలె?" అన్నాడు ఏడుపు గొంతుతో.

కిష్టమ్మ కోడలి మొహం చూసింది. మళ్ళీ నొప్పి వస్తోంది, పెదవి కొరుక్కుంటోంది.

"నడుస్తవా బిడ్డా?"

"ఎక్కడికి అత్తయ్యా?"

"మీ అమ్మ కాడికి. శేఖరూ, వాళ్లకు ఫోన్ కొట్టు. ఆటో తీస్కొని వంతెన అవతలికి రమ్మను."

రేకుల దగ్గర కాపలా మనిషి లేచి అడ్డం వచ్చాడు. స్లాబు వేయడం అయిపోయింది గానీ రెండు చివర్లా మట్టి నింపలేదనీ, పోనిస్తే తన ఉద్యోగం పోతుందనీ అన్నాడు. కిష్టమ్మ ఏమీ వాదించలేదు. పక్కకు తప్పుకొమ్మని చేత్తో సైగ చేసింది. అతను ఉదయ పొట్ట వైపు చూసి, తనే రేకు పక్కకు లాగి, కూలీలు ఎక్కే చెక్క బల్ల కదలకుండా కాలుతో తొక్కి పట్టాడు.

ముందు శేఖర్, మధ్యలో ఉదయ, వెనకాల ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసి కిష్టమ్మ. మొన్నటి వాన బురదలో కిష్టమ్మ చెప్పులు ఇరుక్కుపోయాయి. వదిలేసింది. స్లాబుకు పక్క గోడలు ఇంకా లేవలేదు, ఇనుప చువ్వలు నిలబడి ఉన్నాయి. కింద నాలా నల్లగా పారుతోంది.

"కిందికి చూడకు బిడ్డా. మీ ఆయన ఈపు చూస్కుంట నడువ్. నేనున్న."

నిండు కడుపుతో ఉన్నవాళ్ళు పారే నీళ్ళు దాటకూడదని అత్తగారికి పట్టింపు. పెరట్లో పైపు నీళ్ళు పారినా పక్కనుంచి రమ్మనే మనిషి. ఇప్పుడు తన ప్రాణానికి ప్రాణమైన నమ్మకాన్ని కాళ్ళ కింద తొక్కుకుంటూ నడుస్తోంది. ఉదయకు నొప్పికి వస్తున్న ఏడుపు కాస్తా ఇంకో ఏడుపైపోయింది.

అవతలి నుంచి కోటేశ్వరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వెనకే తెల్లచొక్కా జోగారావు. అప్పుడు రాహుకాలమో, యమగండమో ఆయన చూసుకోలేదు.

డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇవి అసలు నొప్పులు కావంది. ఉక్కలో నీళ్ళు సరిగా తాగక, మనసు కుదుట లేక వచ్చినవంది. బిడ్డ బాగానే ఉంది. సెలైన్ పెట్టి, సాయంత్రానికి ఇంటికి తీసుకెళ్ళవచ్చు గానీ గుంతల రోడ్ల మీద తిప్పవద్దంది. తలుపులన్నీ తీసిపెట్టి వచ్చేశామని అప్పటికి గుర్తొచ్చి, కాపలా మనిషి వంతెన మీద మళ్ళీ పోనివ్వడని శేఖర్ ఆటో ఎక్కి చుట్టుదారిన ఇంటికి బయలుదేరాడు.

వరండా బెంచీ మీద ఒక చివర కిష్టమ్మ, బురద కాళ్ళతో. ఇంకో చివర జోగారావు. ఆయనే కాస్త ఇటు జరిగాడు.

"చెల్లెమ్మా, ఆ రోజు కారులోనే కూర్చుని, ఆ వేళ దాటాక వచ్చినా సరిపోయేది. నాకు తట్టలేదు. ఇంటికెళ్ళాక తట్టింది. అప్పుడు మీకు ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు."

"నేనన్న శేఖర్ను మూల కాడికి ఉరికించకపోతి. ఊకె కూసొని లోపల్లోపల కుమిలిన," అంది కిష్టమ్మ. "ఇద్దరం పెద్దోళ్లమే అన్నా. బుద్ధి ఒక్కరికన్న ఉండాలె గదా."

లోపల ఉదయ మేలుకుని ఉంది. పక్కన తల్లి చెయ్యి పట్టుకుని ఉంది. కిష్టమ్మ మంచం దగ్గరికి వచ్చి నిలబడింది గానీ కూర్చోలేదు.

"ఎనిమిదో నెల అని అడ్డం పెట్టిన గని బిడ్డా, అదొక్కటే కాదు," అంది తల వంచుకుని. "వాళ్లు అట్ల మళ్ళిపోయిన దినం నాకు భయం పట్టుకున్నది. ఈ కోపాలల్ల నువ్వు పోతే మల్ల రావేమో అని. శేఖర్ నాయన పోయినంక ఆ ఇంట్ల మాట ముచ్చట లేకుండె. నువ్వొచ్చినంకనే నాతోని మాట్లాడే మనిషి దొరికింది. గందుకే తాళమేసిన. నిన్ను పరేషాన్ చేస్తున్న అనుకోలే. తప్పయింది."

ఉదయ సెలైన్ లేని చెయ్యి చాపింది. ఈ నెలంతా ఆ ఇంట్లో చిక్కుకుపోయింది తనొక్కతే అనుకుంది. గేటు తాళం చెవి కొంగుకు కట్టుకున్న మనిషి కూడా ఆ గేటు దాటి ఎటూ వెళ్ళలేదని ఇప్పుడు తట్టింది.

"నాతో మా ఇంటికి రండి అత్తయ్యా," అంది. "నాకు అమ్మ కావాలి, నిజమే. కానీ అమ్మ నాకంటే పిరికిది. ఇందాక వంతెన మీద నన్ను చూసి నాకంటే ముందు తనే ఏడ్చేసింది. మీరు పక్కన లేకపోతే నాకు ధైర్యం చాలదు."

"వియ్యపురాలింట్ల పండుడా? మా ఊళ్లె తెలిస్తే నవ్వుతరు."

"నవ్వనీయండి వదినగారూ," అంది కోటేశ్వరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మీ కాళ్ళకు చెప్పులు కూడా లేవు, ఎక్కడికి వెళ్తారిప్పుడు? ఇంటికెళ్ళి వేడినీళ్ళు పెడతాను. నా చీర కట్టుకుందురుగాని."

కిష్టమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. భర్త పోయిన రోజు కూడా పది మంది ముందు ఏడవని మనిషి, ఆ ఆసుపత్రి గదిలో వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. తర్వాత ముక్కు చీదుకుని, కోడలి ఫోన్ అడిగి తీసుకుని కొడుక్కు కలిపింది.

"ఏడున్నవ్‌ర? ఇంకా ఎల్బీ నగర్లనే ఉన్నవా? సరే ఇను. ఇంటికి పొయ్యి నువ్వే ఇంత అన్నం వండుకో. నేను రాను. ఏ, కాన్పు అయ్యేదాక రాను... అవురా, ఈడనే, మా వదినె ఇంట్ల. బియ్యం డబ్బా ఏడుంటదో అదన్న ఎరుకేనా నీకు?"