రికవరీ పార్టిషన్ తీసే ముందు

"దీన్ని డిలీట్ చేసిపెట్టాలండీ," అంటూ ఫణీంద్ర లాప్‌టాప్‌ను కంప్యూటర్ రిపేరు షాపు కౌంటర్ మీద తెరిచి పెట్టాడు.

కౌంటర్ వెనక కూర్చున్న శ్రీప్రియ స్క్రీన్ చూసింది. డిస్క్‌లోని పార్టిషన్లను గడులుగా చూపించే బొమ్మ. చివరి గడి మీద రికవరీ అని ఉంది.

"చేయను," అంది.

"ఎందుకండీ?"

"దీంతో మీరేం చేసినారో చెప్పండి ముందు."

ఫణీంద్ర చెప్పాడు. అతనిది కాకినాడ. ఇక్కడికి దగ్గర్లోని ఎన్నూరు క్రీక్‌లో, ఆ సముద్రపు పాయలో, నీటి పరీక్షలు చేసే ప్రాజెక్టులో పని. పడవలో తిరిగినంతసేపూ మీటర్ల రీడింగులు లాప్‌టాప్‌లోకి చేరతాయి. డిస్క్ నిండిపోయింది. తయారు చేసిన కంపెనీ తన కోసం అట్టిపెట్టుకున్న ఇరవై జీబీ భాగం ఒకటి ఉందని కనిపెట్టాడు. రైట్ క్లిక్ చేస్తే డిలీట్ రాలేదు, హెల్ప్ ఒక్కటే వచ్చింది. నెట్‌లో వెతికితే బలవంతంగా తీసే కమాండ్ దొరికింది.

"టైప్ చేసినారా?"

"చేశానండీ. ఎంటర్ కొట్టలేదు."

"ఏం?"

"రికవరీ అని రెండున్నాయి. ఏది ఏదో తెలీలేదండీ."

శ్రీప్రియ అప్పుడు తలెత్తి అతన్ని చూసింది. "శానామంది ఎంటర్ కొట్టినాకే ఈడకి వస్తారు. సరి, కూర్చోండి."

అతను స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. ఆమె పెన్ను కొనతో ఒక్కో గడినీ చూపించింది.

"ఈ చిన్నది విండోస్‌ది. మిషన్ మొరాయిస్తే రిపేర్ చేసేది ఇదే. ముట్టకూడదు. మొదట ఉండాదే, ఇంకా చిన్నది, దాన్ని తీస్తిరా, మిషన్ లేవనే లేవదు. ఈ కొసాన ఉండే పెద్దది ఒక్కటే కంపెనీది."

"అందులో ఏముంటుందండీ?"

"కొన్న దినం ఈ మిషన్ ఎట్లుండెనో అది. కావాలంటే ఆ దినానికి పోవచ్చు."

"మరి ఆ తర్వాత చేసుకున్నవన్నీ?"

"పోతాయి."

ఫణీంద్ర ఆ గడినే చూశాడు. "మీకెప్పుడైనా అనిపించిందాండీ, అలా వెనక్కి వెళ్ళాలని?"

"నేనేమన్నా లాప్‌టాపా?" అంది శ్రీప్రియ. "వినండి. ముప్పై రెండు జీబీ పెన్ డ్రైవ్ తెండి. దీన్నంతా దాంట్లోకి ఎక్కిస్తాను. మీ ఫైళ్ళు వేరే డిస్క్‌లో కాపీ పెట్టండి. ఆ తర్వాత మీరే, మీ చేత్తోనే, పెన్ డ్రైవ్‌తో మిషన్‌ను లేపాల. లేచేది మీ కంటితో చూస్తేనే నేను ఇది తీసేది. మా నాయన పెట్టిన రూలు."

వెనక బల్ల మీద ప్రింటర్ విప్పుకుని కూర్చున్న ఆమె తండ్రి వెంకటపతి తల ఊపాడు. చూలై అనే ఆ పేటలో షాపు ఆయనది. కంప్యూటర్ల పని కూతురికి వదిలి ప్రింటర్లు తను ఉంచుకున్నాడు.

ఫణీంద్ర ఫోన్ మోగింది. "షాపులో ఉన్నానమ్మా. ఆదివారం చెప్తానన్నాను కదా," అని పెట్టేశాడు.

"సంబంధమా బాబూ?" వెంకటపతి అడిగాడు.

"నాయనా, ఏమిది," అంది శ్రీప్రియ.

"అడిగితే తప్పేంది?"

"సంబంధమేనండీ," అన్నాడు ఫణీంద్ర. "కాకినాడ అమ్మాయి. ఆదివారంలోగా అవునో కాదో చెప్పాలి."

"ఏం చెప్తారు?" ఈసారి అడిగింది శ్రీప్రియ.

"తెలీదండీ. కాదనడానికి కారణం దొరకట్లేదు."

అది సోమవారం.

బుధవారం అతను పెన్ డ్రైవ్ తెచ్చాడు. శ్రీప్రియ దాన్ని తిప్పి చూసింది. "ఎనిమిది జీబీ. నేను చెప్పింది ముప్పై రెండు."

"అవునాండీ? పొరపాటు పడ్డాను." కానీ వెంటనే వెళ్ళలేదు. వాన మొదలైందన్నాడు. వీధిలో ఎవరూ గొడుగు తెరవలేదు.

"ఎన్నూరులో ఏం కొలుస్తారు మీరు?" అడిగింది శ్రీప్రియ.

"నీళ్ళ వేడి, ఉప్పు, ఆక్సిజన్. పవర్ స్టేషన్ వైపు ఒకలా ఉంటాయి, సముద్రం కలిసే చోట ఒకలా."

"ఆ రెండూ కలిసే తావున?"

"అది చూద్దామనే వెళ్తున్నానండీ. రోజుకోలా ఉంటోంది."

ఆమె ఇంకా అడిగింది. పడవ ఎవరిది, మీటరు నీళ్ళలో ఎంత లోతుకు పోతుంది, పోటు వస్తే అంకెలు మారతాయా. వెంకటపతి రెండుసార్లు ప్రింటర్ మీంచి చూశాడు.

శుక్రవారం అతను చార్జర్ మరిచిపోయి వచ్చాడు.

"నడుమ బ్యాటరీ అయిపోతే ఉండేది కూడా పోతాది. చార్జర్ లేకుండా నేను మొదలుపెట్టను. రేపు ఏం మరిచిపోతారు?"

"ఇంకా అనుకోలేదండీ."

శ్రీప్రియ నవ్వు ఆపుకుని ప్రింటర్ వైపు తిరిగింది.

శనివారం అన్నీ తెచ్చాడు. బయట వాన నిజంగానే పడుతోంది.

"దీంట్లో ఏమన్నా ఉండాదా?" పెన్ డ్రైవ్ గుచ్చుతూ అడిగింది శ్రీప్రియ.

"ఏం లేదండీ."

ఆమె అలవాటు ప్రకారం తెరిచి చూసింది. ఒక ఫోల్డర్. అందులో అమ్మాయిల ఫోటోలు, జాతకాలు.

"ఏం లేదన్నారే."

ఫణీంద్ర స్క్రీన్ చూసి తల గోక్కున్నాడు. "అమ్మ ఇచ్చిందండీ, తీరిగ్గా చూసుకోమని. ఇంట్లో ఇంత పెద్ద పెన్ డ్రైవ్ ఇదొక్కటే కనబడింది."

"ఇది ఎక్కిస్తే లోపల ఉండేదంతా తుడుచుకుపోతాది. కాపీ తీసి పెట్టేదా?"

"వద్దు."

"మళ్ళీ రావు."

"తెలుసండీ."

"కాకినాడ అమ్మాయి కూడా ఇందులోనే ఉందా?"

"ఉంది."

శ్రీప్రియ మౌస్ మీద చెయ్యి పెట్టి ఆగింది. "కారణం దొరకలేదన్నారు సోమవారం."

"బుధవారం దొరికిందండీ."

ఆమె క్లిక్ చేసింది. కాపీ కావడానికి గంట పైనే పట్టింది. అంతసేపూ ఇద్దరూ స్క్రీన్ మీద గీత పెరగడం చూశారు. వెంకటపతి టీ తెప్పించాడు.

తర్వాత ఫణీంద్ర లాప్‌టాప్ ఆపి, ఆమె చెప్పిన కీ నొక్కి పట్టుకుని ఆన్ చేశాడు. పెన్ డ్రైవ్ నుంచి కంపెనీ గుర్తు వచ్చింది, దాని కింద మెనూ వచ్చింది.

"చూసినారా?"

"చూశానండీ."

పెన్ డ్రైవ్ తీసేశారు. ఫైళ్ళు కాపీ పెట్టిన డిస్క్ కూడా ఊడదీశారు, పొరపాటున దాని మీద చెయ్యి పడకుండా. శ్రీప్రియ కమాండ్లు కొట్టింది. పార్టిషన్ నంబరు అతనితో పైకి చదివించింది. సైజు చదివించింది. అప్పుడు లాప్‌టాప్‌ను అతని వైపు తిప్పింది.

"ఇప్పుడు కొట్టండి ఎంటర్."

కొట్టాడు. బొమ్మలో చివరి గడి మీద పేరు పోయి ఖాళీ అని వచ్చింది.

"దీన్ని సీ డ్రైవ్‌లో కలిపేయండీ."

"ఇప్పుడు కుదరదు. నడుమ విండోస్‌ది ఉండాది కదా. పక్కపక్కన ఉంటేనే కలుస్తాది. దాన్ని జరపొచ్చు, కానీ మిషన్ బాగుండేటప్పుడు ఎందుకు? వేరే డ్రైవ్ చేసుకుని మీ రీడింగులు దాంట్లో పెట్టుకోండి. పేరేం పెట్టేది? ఎన్నూరా?"

ఫణీంద్ర కీబోర్డు తన వైపు లాక్కుని టైప్ చేశాడు. ఆమె చదివింది.

"ఎన్నూరు నీళ్ళకి చూలై పేరేంది?"

అతను ఫోన్ తీశాడు. వానకు వినబడదని స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, ఆ సంబంధం వద్దమ్మా. వాళ్ళకి ఈ రోజే చెప్పెయ్."

"ఏమైందిరా?" అంది అవతల అతని తల్లి వసంతలక్ష్మి. "పిల్లకేం తక్కువ?"

"ఏం తక్కువ లేదు. ఇక్కడ ఒకమ్మాయి ఉంది."

"ఆ అమ్మాయికి తెలుసా?"

"ఇప్పుడే వింటోంది."

"అదేం పద్ధతిరా? ముందు తనని అడగాలి గానీ. ఫోను ఆ పిల్లకియ్యి."

శ్రీప్రియ ఫోన్ అందుకుంది. తండ్రి వైపు చూసింది. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"నమస్కారం అమ్మా. శ్రీప్రియ."

"మావాడు నీకు ఇష్టమేనా అమ్మా? మొహమాటం లేకుండా చెప్పు."

"ఒక వారంగా వస్తా ఉండారు. రేపు ఏం మరిచిపోతారో అని నేనూ ఎదురు చూస్తా ఉండాను," అంది శ్రీప్రియ. "కానీ అమ్మా, నాకు ఇంకా తెలియాల్సింది ఉండాది. ఆ ఎన్నూరు ఆడ ఎట్లుంటాదో చూడాల. రేపు పోయి, చూసి చెప్తే పరవాలేదా?"

"వీడికిచ్చిన ఆదివారం నువ్వు తీసుకున్నావన్నమాట," అంది వసంతలక్ష్మి. "సరే, సాయంత్రం ఫోన్ చెయ్యి. నేను ఇంట్లోనే ఉంటాను."

ఫోన్ తిరిగి ఇచ్చి శ్రీప్రియ అడిగింది. "పడవలోకి నీళ్ళు వస్తాయా?"

"కొంచెం వస్తాయండీ."

"చెప్పులు విడవాలా?"

"విడిస్తే మంచిది."

"నేనూ వస్తా," అన్నాడు వెంకటపతి వెనక నుంచి. "చేపలు కొనాల."

"ఆ నీళ్ళ చేపలా నాయనా?"

"బాబు కొలుస్తాడు కదా. కొలిచి చెప్పినాకే కొంటాను."

"చెప్తానండీ," అన్నాడు ఫణీంద్ర. "కానీ పడవలో ముగ్గురికి చోటుండదు. మీరు ఒడ్డున ఉండాలి."

వెంకటపతి కూతురి వైపు చూశాడు. ఆమె చార్జర్ వైరు చుట్టలు చుడుతోంది, తలెత్తలేదు.

"సరి," అన్నాడాయన. "ఒడ్డునే ఉంటాను."