తాడు తెచ్చావా?

నేట్రాన్ సరస్సు ఒడ్డున గుడారాలు వేసుకునే చోటొకటి ఉంది. పగలు ఎవరైనా ఉండొచ్చు. చీకటి పడ్డాక మాత్రం, మేక తప్పిపోయినా సరే, ఆ చుట్టుపక్కల మసాయి తెగవాళ్లు అటు వెళ్లరు. సరస్సులోంచి ఎవరో పిలుస్తారట. పలికితే ఇక అంతే.

నసియెకుకి ఆ భయం లేదు. పిలిచేది తన మొగుడే అయితే భయమెందుకు? అతను పోయిన నాలుగేళ్లలో ఎన్నో రాత్రులు ఆ ఒడ్డున ఒంటరిగా కూర్చుంది. ఒక్కనాడూ పిలవలేదు.

ఆమె మొగుడు మెలుబో, సరస్సు చూడవచ్చేవాళ్ల బళ్లకి దారి చూపించేవాడు. ముందు నడుస్తూ, తెల్లటి చవుడు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ అప్పడంలా విరుగుతుందో ఎడమచేతి కర్రతో తట్టి చెప్పేవాడు. ఓ రోజు ఎలిబరికి అనే అరూషా పట్నం డ్రైవరు, కొత్త చోటు చూసొద్దామని అతన్నొక్కణ్ణే బండెక్కించుకుపోయాడు. తిరిగి డ్రైవరొక్కడే వచ్చాడు. మెలుబో తాగి, పక్షి ఈకల కోసం లోపలికి పోయి దిగబడ్డాడని చెప్పాడు. పోలీసులు అదే రాసుకున్నారు.

మెలుబో జన్మలో తాగి ఎరగడు. కానీ చూసినవాళ్లెవరు?

నాలుగేళ్లకి ఆ డ్రైవరు మళ్లీ వచ్చాడు. దారెస్సలాం నుంచి ఓ కొత్త జంటని తీసుకొచ్చాడు. గాడిద మీద మంచినీళ్లు తెచ్చిన నసియెకు అతన్ని చూడగానే పోల్చుకుంది. బట్టతల వచ్చింది, పొట్ట వచ్చింది. నవ్వు మాత్రం అదే.

అతను ఆమెని గుర్తుపట్టలేదు. మంట దగ్గర కూర్చుని ఆ జంటకి కథ చెబుతున్నాడు — తాగుబోతు మసాయివాడొకడు ఈకల కోసం పోయి ఈ చవుట్లో ఊరగాయైపోయాడని, ఇప్పటికీ చెడిపోకుండా ఉండుంటాడని. పెళ్లికూతురు ముఖం చిట్లించింది.

“ఏమక్కా, నిజమేనా?” అన్నాడు, ఇటు తిరిగి.

నసియెకు డబ్బాలో నీళ్లు పోస్తూనే ఉంది. “నాకేం తెలుసన్నా. నీకే బాగా తెలుసు.”

ఆ రాత్రి ఆమె ఇంటికి వెళ్లలేదు. గాడిదని రాళ్ల చాటున కట్టేసింది. జంట గుట్ట అవతల గుడారంలో పడుకున్నారు. డ్రైవరు ఇవతల బండిలోనే నిద్రపోయాడు. చీకట్లోంచి పేరు పెట్టి పిలిస్తే, హడలిపోయి నిజం కక్కుతాడని ఆమె ఆలోచన.

అర్ధరాత్రికి కొండ గాలి ఆగిపోయింది. రాత్రంతా సణిగే ఫ్లెమింగో పక్షులు కూడా... ఒక్కసారిగా గొంతు మూసుకున్నాయి.

బండికి పదడుగుల దూరంలో నిలబడి నోరు తెరిచింది —

“ఎలీ...”

ఆ పిలుపు ఆమెది కాదు. సరస్సులోంచి వచ్చింది.

అది నసియెకు తొమ్మిదేళ్లు పక్కలో విన్న గొంతు. అందులో కోపం లేదు. పక్కనున్న మనిషిని అడిగినట్టు —

“ఎలీ... తాడు తెచ్చావా?”

బండి తలుపు తెరుచుకుంది. ఎలిబరికి దిగాడు.

“తెస్తాననే వెళ్లానన్నా...” గొణుగుతున్నాడు. “తాగింది నేను. బండి చవుట్లోకి దింపింది నేను. నువ్వు తోసి, నా బండి ఒడ్డున పడేసి... నడుం దాకా దిగబడ్డావు. బతికొస్తే చెప్పేస్తావని... నా పని ఊడుతుందని...”

నసియెకు వచ్చిన పని అయిపోయింది. కానీ కదల్లేదు.

అతను బండి వెనకనుంచి తాడు తీశాడు. ఒక కొస బండి కొక్కేనికి, రెండోది నడుముకి కట్టుకున్నాడు. “తెచ్చానన్నా... ఇదిగో, తెచ్చాను...” అంటూ తెల్లటి చవుడు మీదికి అడుగేశాడు. అటు పలచన. ఊళ్లో ఆడామగా అందరికీ తెలుసు. నసియెకు ఒక్క మాటంటే చాలు, ఆగిపోతాడు.

ఆమె పెదవి విప్పలేదు.

ఫెళ్లున విరిగింది. తాడు బిగుసుకుంది.

“ఎవరైనా లాగండి... లాగండి...”

ఆ ఏడుపు వినలేకపోయింది. పరిగెత్తి తాడు పట్టుకుంది. అరచేతులు మండుతున్నా బలమంతా పెట్టి లాగబోయింది. అప్పుడు తాడు ఆ కొసనుంచే, చాలా నెమ్మదిగా, రెండో గొంతు —

“వదిలెయ్ నసియెకూ. ఇంటికి పో.”

వదిలేసింది.

తెల్లారాక జంట ఊళ్లోకి పరిగెత్తుకొచ్చారు. పెద్దలు వచ్చి తాడు లాగారు. బరువే లేకుండా వచ్చేసింది. కొసన నడుమంత ఉచ్చు ఉంది. మనిషి లేడు.

ఉచ్చుకి వేసిన ముడి డ్రైవర్లు వేసేది కాదు. లేగదూడ మెడకి వేసేది — అదీ ఎడమచేతి వాటంగా. ఒకరి తర్వాత ఒకరు పట్టుకు చూశారు, విప్పలేకపోయారు. ఓ ముసలాయన కత్తి తీశాడు.

“కొయ్యకండి,” అంది నసియెకు.

కింద కూర్చుని, తాడు ఒళ్లో పెట్టుకుంది. తొమ్మిదేళ్లు రోజూ పొద్దున్నే పాలు పితకబోయే ముందు విప్పిన ముడి అది. బొబ్బలెక్కిన వేళ్లతో, తడుముకోకుండా విప్పేసింది.